యోహాను గారి చేతి పట్టు

బటన్ నొక్కే పని

ముప్పయ్యేళ్లకు పైగా జనానికి కరెంటు షాకులిచ్చి జీతం తీసుకున్నాను. పోలీసు స్టేషన్లో అనుకునేరు, ఆసుపత్రిలోనే. ఈ బెంగాలీ మహానగరంలో, భవానీపూర్ అనే పేటలో ఒక పాత ఆసుపత్రి మేడ మీద, నరాలనూ కండరాలనూ పరీక్ష చేసే గదిలో నేను టెక్నీషియన్ని. చేతి మీద బిళ్ళలు అతికించి, మణికట్టు దగ్గర నరానికి కాస్త కరెంటు తగిలిస్తే వేలు ఎగిరిపడుతుంది. అది తెర మీద ఒక అలలాగా కనిపిస్తుంది. అల పెద్దదా చిన్నదా, వెంటనే వచ్చిందా ఆలస్యంగా వచ్చిందా చూసి డాక్టరు గారు జబ్బేమిటో చెబుతారు. పైకి చూస్తే ఇంతే.

మా చెల్లెలి మనవరాలు రూతు ఈ మధ్య ఇదే కోర్సులో చేరింది. మొన్న న్యూ టౌన్‌లో మా ఫ్లాటుకొచ్చి, కాళ్ళు సోఫా మీద పెట్టుకుని అడిగింది. "అమ్మమ్మా, నిజం చెప్పు. ఇన్నేళ్లు ఏటి చేసినావు? బటన్ నొక్కడమే కదా?"

చెంప ఛెళ్ళుమనిపించాలనిపించింది. కానీ ఆ మాటలో కొంత నిజం లేకపోలేదు. అందుకే ఇది రాస్తున్నాను. రూతుకి ఇంట్లో తెలుగు గడగడా వస్తుంది గానీ చదవమంటే అక్షరం కింద వేలు పెట్టుకుంటుంది. ఇదంతా చివరిదాకా పైకి చదవడమే దానికి శిక్ష. ప్రమోషన్లూ బదిలీలూ ఇందులో ఏమీ ఉండవు. అవి గుర్తు పెట్టుకోవలసినవి కావు, నేను పెట్టుకోలేదు కూడా.

సందు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నరమంటే కరెంటు తీగ అనుకునేదాన్ని. తీగ వెళ్ళి కండరానికి తగులుకుని ఉంటుందని, స్విచ్చి వేస్తే బల్బు వెలిగినట్టు కండరం కదులుతుందని నా లెక్క. మా పెద్ద డాక్టరు లాహిరీ గారు ఒక మధ్యాహ్నం టీ తాగుతూ ఆ భ్రమ వదలగొట్టారు.

"తీగ ఎక్కడా తగులుకోదు కరుణా. మధ్యలో సందు ఉంది" అన్నారు బెంగాలీలో.

నరం చివరిదాకా వచ్చిన కరెంటు అక్కడ ఆగిపోతుందట. అవతల ఉన్న కండరానికి కబురు మోసేది ఒక రసాయనం. నరం చివర అది కంటికి కనబడనంత చిన్న పొట్లాలుగా కట్టి సిద్ధంగా ఉంటుంది. కరెంటు రాగానే అక్కడి గేట్లు తెరుచుకుంటాయి, బయట ఉన్న కాల్షియం లోపలికి దూకుతుంది. కాల్షియం తగలగానే పొట్లాలు నరం గోడలో కలిసిపోయి, లోపలున్నదంతా సందులోకి కుమ్మరిస్తాయి. కండరం దాన్ని అందుకుని ముడుచుకుంటుంది. ఇదంతా సెకనులో వెయ్యో వంతుకు కాస్త అటూ ఇటూగా అయిపోతుందన్నారు.

నాకు నమ్మబుద్ధి కాలేదు. "పొట్లం ఎప్పుడు కదలాలి, ఎప్పుడు గోడకి చేరాలి, ఎప్పుడు విప్పాలి? అంత తొందరగా ఎలా అవుతుంది సార్?" అన్నాను.

ఆయన నన్ను ఆసుపత్రి గేటు దగ్గరి ఫుచ్కా బండి దగ్గరికి తీసుకెళ్ళారు. మనవాళ్ళు పానీపూరి అంటారే, అదే. నా చేతిలో ఆకు దొన్నె పెట్టించి, "చూడు. నువ్వు దొన్నె చాపాక వాడు పిండి కలుపుతున్నాడా? పూరీలు వేయిస్తున్నాడా? బంగాళాదుంప ఉడకబెడుతున్నాడా? అన్నీ అయిపోయాయి. మొదటి పూరీ చేతిలోనే ఉంది. నువ్వు చెయ్యి చాపడమే తరువాయి" అన్నారు.

నరం చివర కూడా అంతేనట. పొట్లాలు ముందే గోడ దాకా వచ్చి కూర్చుంటాయి. పొట్లాన్నీ గోడనీ దగ్గరికి లాగే సన్నటి పోగులు ముందే సగం జడలా అల్లుకుని ఉంటాయి. ఒక్క గడియ మాత్రం వేసి ఉంటుంది. కాల్షియం వచ్చి ఆ గడియ తీస్తుంది. మనం చెయ్యెత్తిన ప్రతిసారీ, రెప్ప వేసిన ప్రతిసారీ, లక్షల చోట్ల ఇదే జరుగుతుంది. ఖాళీ అయిన పొట్లాలు మళ్ళీ లోపలికి వెళ్ళి నింపుకుని వచ్చి వరసలో నిలబడతాయి.

ఆ రోజు ఫుచ్కా తినడం మరిచిపోయాను. దొన్నె పట్టుకున్న నా వేళ్ళనే చూసుకుంటూ నిలబడ్డాను. చిన్నప్పటినుంచీ చర్చిలో "ఆశ్చర్యకరుడు" అనే మాట ఎన్నిసార్లు పలికానో లెక్క లేదు. దాని అర్థం నాకు ఆ బండి దగ్గర, చింతపండు నీళ్ళు మోచేతి దాకా కారుతుండగా తెలిసింది. ఆ ఆశ్చర్యం ఇప్పటికీ తగ్గలేదు.

గురువు గారూ ఆయన అలవాట్లూ

లాహిరీ గారు కోపిష్టి మనిషి, మంచి గురువు. ఈ రెండూ ఒకే మనిషిలో ఉంటాయని తెలియక మొదటి ఏడాది చాలాసార్లు ఏడ్చాను.

ఒక జనవరిలో కనురెప్పలు వాలిపోతున్నాయని ఒక బడిపంతులమ్మ వచ్చింది. వరసగా కొన్ని షాకులిచ్చి చూశాను, అలలన్నీ సమానంగా ఉన్నాయి, బాగుందన్నాను. లాహిరీ గారు ఆమె చెయ్యి ముట్టుకుని నా మీద విరుచుకుపడ్డారు. "పరీక్ష చేసింది మనిషినా, కుల్ఫీనా?" చల్లటి చెయ్యి అబద్ధం చెబుతుంది. చలికి ఆ రసాయనం సందులో మరికాస్త సేపు విరిగిపోకుండా నిలుస్తుంది, కండరానికి కావలసినంత అందుతుంది, జబ్బు దాక్కుంటుంది. వేడినీళ్ళ సంచితో చెయ్యి కాచి మళ్ళీ చేస్తే అలలు ఒకదాని వెనక ఒకటి కుంగుతూ వచ్చాయి. ఆ రోజు నుంచి చెయ్యి ముట్టుకోకుండా ఏ పరీక్షా మొదలుపెట్టలేదు. రూతూ, యంత్రం కంటే ముందు నీ చేతిని నమ్ము.

ఆయనకే ఇంకో అలవాటు ఉండేది. బిళ్ళలు అతికించగానే రోగి పక్కన నిలబడి, "ముఠో కొరున్! జోరే!" అనేవారు. పిడికిలి బిగించండి, గట్టిగా అని. బిగిస్తే కండ ఉబుకుతుంది, బిళ్ళ సరిగ్గా కండ మీద ఉందో లేదో తెలుస్తుంది. "ఛాడూన్" అనగానే రోగి చెయ్యి వదలాలి, నేను షాక్ ఇవ్వాలి. బయట మెట్ల దాకా జనం. ఒక్క క్షణం వృథా కాకూడదు. వేల మందికి అలాగే చేశాం, ఎవరికీ ఏ తేడా రాలేదు. మా గదిలో అది దినచర్య అయిపోయింది.

నిచ్చెన మొదటి మెట్టు

యోహాను గారు మా గార్డెన్ రీచ్ తెలుగు చర్చి సంఘంలో పెద్ద. వాళ్ళ నాన్న శ్రీకాకుళం వైపు నుంచి రేవు పనికొచ్చి ఇక్కడే ఉండిపోయారు, మా నాన్నలాగే. యోహాను గారు రేవులో క్రేన్ నడిపేవారు. భార్య మరియమ్మ గారితో కలిసి మా గదికి వచ్చినప్పుడు ఆయన చంకలో నీళ్ళ సీసా ఉంది. నోరు ఎప్పుడూ ఎండిపోతోందన్నారు.

"కాళ్ళు నావి కావన్నట్టుగుంటన్నాయి సిస్టర్. క్రేన్ నిచ్చెన మొదటి మెట్టు మీద కాలెడితే లెగదు. కుర్చీలోంచి లెగాలన్నా మరియ సెయ్యి పట్టుకోవాల. ఆఫీసోళ్ళేమో యాక్షన్ సేత్తన్నావు అంటన్నారు."

వాళ్ళు అలా అనడానికి ఒక కారణం ఉంది. కంపెనీ డాక్టరు ప్రతిసారీ తన వేళ్ళు ఇచ్చి నొక్కమన్నాడు, ఈయన కాసేపటికి బాగానే నొక్కారు. కాళ్ళతో తన్నమంటే తన్నారు. బలం ఉన్నవాడు నిచ్చెన ఎందుకు ఎక్కలేడు? పని ఎగ్గొట్టడానికి నాటకమని రాయబోతున్నారు. మా పరీక్షలో ఏదైనా కనబడితే మాట నిలుస్తుంది, లేకపోతే ఉద్యోగమూ పోతుంది, పరువూ పోతుంది.

సిగరెట్టు, బీడీ ఏమైనా తాగుతారా అని లాహిరీ గారు అడిగారు. ఆయన నా వైపు ఒకసారి చూసి, "అయ్యయ్యో, లేదండి" అన్నారు.

బిళ్ళలు అతికించాను. లాహిరీ గారు పక్కన నిలబడి "ముఠో కొరున్! జోరే!" అన్నారు. యోహాను గారు పళ్ళు బిగపట్టి బిగించారు. "ఛాడూన్." బటన్ నొక్కాను. అల చక్కగా లేచింది. అన్నీ చూశాం. కాస్త తక్కువగా ఉన్నా ఆ వయసుకి తప్పు పట్టేంత కాదు.

"నార్మల్" అన్నారు లాహిరీ గారు.

ఆ మాట విని సంతోషించని రోగిని నేను మొదటిసారి చూశాను. యోహాను గారి ముఖం మాడిపోయింది. "అంటే నాకేటీ లేదా? మరి ఎక్కలేకపోతన్నాను కదండీ" అన్నారు. మరియమ్మ గారు నా చెయ్యి పట్టుకుని, "మా ఆయన అబద్దమాడీ మనిసి కాదు సిస్టర్, నీకు తెల్దా?" అన్నారు. నాకు తెలుసు. కానీ తెర మీద అల కూడా కళ్ళెదుటే ఉంది. ఆయన కుర్చీలోంచి లేవడానికి మేమిద్దరం చెరో పక్కా పట్టుకోవలసి వచ్చింది.

వందనాలు

తరవాతి ఆదివారం ఆరాధన అయ్యాక యోహాను గారు ఎప్పటిలాగే చర్చి గుమ్మం పక్కన ఉన్నారు, కాకపోతే కుర్చీలో కూర్చుని. మా సంఘంలో బయటికెళ్ళే ప్రతివాళ్ళూ పెద్దలకి చెయ్యి కలిపి వందనాలు చెప్పాలి. మిగతా పెద్దలు చెయ్యి ఇలా తాకి అలా వదిలేస్తారు. యోహాను గారు అలా కాదు. ఇంటిల్లిపాదినీ అడిగి గానీ చెయ్యి వదలరు. పిల్లలు ఆయన్ని తప్పించుకోడానికి పక్క గుమ్మంలోంచి పారిపోయేవాళ్ళు.

ఆ వేళ ఆయన కాసేపు ఒంటరిగా కూర్చుని ఉన్నారు. నేను వెళ్ళి "వందనాలండి" అని చెయ్యి కలిపాను.

చేతిలో ఉడికిన వంకాయ పెట్టినట్టుంది. అయ్యో అనిపించింది. ఆయన మామూలుగానే మొదలుపెట్టారు. "వందనాలు సిస్టర్. అమ్మగారు ఎలాగున్నారు? మోకాళ్ళ నొప్పి తగ్గిందా? తమ్ముడు ఖరగ్‌పూర్ నుంచి వొచ్చినాడా? ఆడి పిల్లలు సదువుతన్నారా?" ఆయనకి మనిషిని ప్రేమగా అడగడమంటే చెయ్యి నొక్కుతూ అడగడమే. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి పట్టు కాస్త తగిలింది. తమ్ముడి పిల్లల దగ్గరికి వచ్చేసరికి నా ఉంగరం వేలికి గుచ్చుకుంది.

నీరసం ఉన్నవాడి పట్టు పోనుపోనూ తగ్గాలి. ఈయనది పెరుగుతోంది.

"మీ చేతులు రెండూ ఒళ్ళో పెట్టుకుని కదలకుండా కూర్చోండి. ఎవరికీ చెయ్యి ఇవ్వొద్దు" అన్నాను. ఎందుకని అడిగితే చెప్పలేదు. బిస్కెట్లూ టీ వస్తే నేనే కప్పు పట్టుకుని తాగించాను. వందనాలు చెప్పడానికొచ్చిన వాళ్ళనందరినీ తోలేశాను. కరుణమ్మకి మతి పోయిందని గుసగుసలు వినిపిస్తూనే ఉన్నాయి. టీ అయ్యాక మళ్ళీ చెయ్యి కలిపాను. మళ్ళీ వంకాయ. "ఇప్పుడు నొక్కండి. వదలకుండా నొక్కుతూ ఉండండి." మెల్లగా, నీళ్ళు తోడినట్టు, ఎక్కడినుంచో బలం వచ్చింది.

అప్పుడు మా గది గుర్తొచ్చింది. ముఠో కొరున్, జోరే. మేము షాక్ ఇచ్చే ముందే ఆయన బలాన్ని మేమే లేపేశాం. లేపాక కొలిచి, బాగానే ఉందన్నాం.

పిడికిలి

సోమవారం లాహిరీ గారికి చెప్పాను. చెప్పడానికి ముందు రెండు కప్పుల టీ తాగాల్సొచ్చింది.

"అంటే, ఇన్నేళ్ల నా పద్ధతి తప్పంటావు" అన్నారు.

"వేల మందికి తప్పు కాదు సార్. ఈ ఒక్క మనిషికి తప్పేమో."

ఆయన యోహాను గారి పాత రిపోర్టు తీసి మళ్ళీ చూశారు. తరవాత "పిలిపించు" అన్నారు.

ఈసారి యోహాను గారి చేతిని వెచ్చగా ఒక దిండు మీద పెట్టించాం. ఎవరూ ముట్టుకోకూడదని లాహిరీ గారి ఆజ్ఞ. ఆయనే తలుపు దగ్గర కాపలా నిలబడ్డారు. బయట జనం కేకలేస్తున్నా పట్టించుకోలేదు. చాలినంత సేపు అయ్యాక తల ఊపారు. బటన్ నొక్కాను.

తెర మీద అల కాదు, చిన్న గీత వంగినట్టు వంగింది. లాహిరీ గారు వచ్చి తీగలన్నీ పీకి మళ్ళీ తగిలించారు. మళ్ళీ అంతే.

"ఇప్పుడు పిడికిలి. గట్టిగా. గట్టిగా. ఇంకా. వదలండి!"

వెంటనే నొక్కాను. అల లేచింది. అంతకు ముందున్న దానికి ఎన్నో రెట్లు, తెర పైభాగం దాటి వెళ్ళిపోయింది. అదే చెయ్యి, అదే నరం, అదే కరెంటు. మధ్యలో జరిగింది ఒక్క పిడికిలి బిగింపు. నేను ఈ పనిలో చూసిన వాటిలో అంత అందమైనది ఇంకోటి లేదు.

"ఏ కీ కాండో!" అన్నారు లాహిరీ గారు. ఎంత వింత అని. కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తరవాత యోహాను గారి ముందుకొచ్చి హిందీలో, "మీరు నాటకం ఆడలేదు. మీరు చెప్పిందంతా నిజం. మేమే అడగవలసినట్టు అడగలేదు" అన్నారు. యోహాను గారు చిన్నపిల్లాడిలా ఏడ్చేశారు. మరియమ్మ గారు ఏడవలేదు. "నాను సెప్పలేదా?" అన్నారు నా వైపు చూసి.

నేను ఇక అంతా సుఖాంతమే అనుకున్నాను. లాహిరీ గారి ముఖంలో మాత్రం సంతోషం లేదు. కుర్చీ లాక్కుని కూర్చుని, మళ్ళీ అదే ప్రశ్న అడిగారు. "సిగరెట్టు తాగుతారా?"

యోహాను గారు నా వైపు చూశారు. నాకప్పుడు అర్థమైంది. సంఘ పెద్ద, పక్కనే సంఘం మనిషిని నేను. "నేను బయటికి వెళ్తానండి" అని లేచాను.

"ఉండండి సిస్టర్" అన్నారు ఆయన తల దించుకుని. "దేవుడికి తెలిసిందే కదా, మీకు తెలిస్తే ఏటి? కుర్రతనం నుంచీ తాగుతన్నానండి. క్రేన్ మీదెక్కితే ఎవుడూ సూడడు."

గేట్లు

లాహిరీ గారు ఆ సాయంత్రం నాకు వివరంగా చెప్పారు. యోహాను గారి నరాలు బాగానే ఉన్నాయి. కండరాలూ బాగానే ఉన్నాయి. పొట్లాలు నిండుగా, వరసలో, గోడ దగ్గరే ఉన్నాయి. తెరుచుకోనివి కాల్షియం గేట్లు. సగానికి పైగా పాడయ్యాయి. కబురు వస్తుంది, కాల్షియం చాలినంత రాదు, పొట్లాలు విప్పుకోవు. కానీ గట్టిగా బిగిస్తూ ఉంటే కబురు వెనక కబురు వచ్చి, మిగిలిన కొద్ది గేట్లలోంచే కాల్షియం కొంచెం కొంచెంగా పోగవుతుంది. అప్పుడు పొట్లాలు విప్పుకుంటాయి. ఆ కాసేపూ మనిషికి బలం వస్తుంది. నోరు ఎండిపోవడం కూడా ఈ గేట్ల వల్లేనట.

గేట్లను పాడు చేసింది ఎవరు? ఆయన సొంత ఒంట్లోని కాపలావాళ్ళే. ఎందుకు? సిగరెట్టు తాగేవాళ్ళ ఊపిరితిత్తుల్లో పుట్టే ఒక రకం క్యాన్సరు గడ్డ మీద అచ్చం ఇలాంటి గేట్లే ఉంటాయి. ఒళ్ళు ఆ గడ్డను గుర్తుపట్టి దాని మీదికి యుద్ధానికి వెళ్తుంది. వెళ్ళి, అవే గేట్లు నరాల చివర కూడా కనబడితే వాటినీ కొడుతుంది. యోహాను గారి నీరసం ఆ యుద్ధం చప్పుడు.

దగ్గు లేదు, రక్తం లేదు, మామూలు ఎక్స్‌రేలో ఏమీ లేదు. లాహిరీ గారు వదల్లేదు, స్కాన్ తీయించారు. ఊపిరితిత్తి మొదట్లో చిన్న గడ్డ. అక్కడే ఉంది, ఇంకా ఎక్కడికీ పోలేదు. ఆ రకం గడ్డ సాధారణంగా దొరికేసరికే పాకిపోయి ఉంటుందట. నిచ్చెన మొదటి మెట్టు మీద లేవని కాలు దాన్ని ముందే పట్టిచ్చింది.

ఆ రాత్రి నేను నిద్రపోలేదు. "నార్మల్" అన్న మాటే నిలిచిపోయి ఉంటే ఏమయ్యేదో అని తెల్లవారేదాకా తలుచుకుంటూనే ఉన్నాను. కంటికి కనబడని సందులో గేటు తెరుచుకోకపోవడం ఒక మనిషి ప్రాణాన్ని నిలబెట్టిందంటే, దాన్ని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

మర్నాటి నుంచి మా గదిలో పద్ధతి మారింది. ముందు విశ్రాంతి, తరవాత షాక్, ఆ తరవాతే పిడికిలి. లాహిరీ గారు ఆ నియమాన్ని తనే గట్టిగా పట్టుకున్నారు. కొత్త డాక్టర్లు రోగి చెయ్యి పట్టుకోబోతే చేతి మీద కొట్టేవారు. పెద్దమనిషంటే నాకు ఆయనే గుర్తొస్తారు, తప్పు చేయనందుకు కాదు.

రూతూ, మా ఎదుటికొచ్చే వాళ్ళలో నాటకమాడేవాళ్ళు ఉండరని చెప్పను. కొద్దిమంది ఉంటారు. కానీ రోగి మాటకీ తెరకీ పడనప్పుడు, ముందు నీ పరీక్షని అనుమానించు. మనిషిని అనుమానించడం సులువు, అందుకే అందరూ అదే చేస్తారు.

ఆదివారాలు

యోహాను గారికి వైద్యం కష్టంగానే సాగింది. జుట్టు ఊడింది, మనిషి సగమయ్యారు. గడ్డ కరిగింది. గేట్లు మరికాస్త సేపు పని చేసేలా మాత్రలిచ్చారు, పోనుపోనూ వాటి అవసరమూ తగ్గింది. క్రేన్ మళ్ళీ ఎక్కలేదు గానీ నాటకమన్న మాట ఆఫీసు వెనక్కి తీసుకుంది, కింద కూర్చుని చేసే పని ఇచ్చింది. అన్నీ జరిగి చాలా ఏళ్లయింది.

ఒక్కటి మాత్రం మిగిలింది. గడ్డ తిరిగొస్తే నీరసం కూడా దాని వెంటే రావచ్చు, దానికంటే ముందే రావచ్చు. అందుకే ఇప్పటికీ ప్రతి ఆదివారం న్యూ టౌన్ నుంచి క్యాబ్ పట్టుకుని గార్డెన్ రీచ్ వెళ్తాను. దగ్గరలో చర్చిలు లేక కాదు. ఆరాధన అయ్యాక ఆయనకి చెయ్యి కలుపుతాను. వందనాలు అనగానే నా ప్రాణమంతా ఆ మొదటి క్షణం మీదే ఉంటుంది. ఆయన ప్రాణమూ అంతే. ఆయన ఆ క్షణం మాత్రం ఏమీ అడగరు. నా ముఖం చూసి, తరవాతే అమ్మ గురించో తమ్ముడి గురించో అడుగుతారు. దీని గురించి మేమిద్దరం ఎప్పుడూ పైకి అనుకోలేదు.

మొన్న ఆదివారం రూతుని వెంట తీసుకెళ్ళాను. బటన్ నొక్కే పనేనా అన్నావు కదా, బటన్ లేకుండా చెయ్యి చూద్దాం అన్నాను. దారిలో ఈ కథంతా చెప్పాను.

గుమ్మం దగ్గర యోహాను గారు చెయ్యి చాపారు. నేను పక్కకి జరిగి రూతుని ముందుకు తోశాను. పిల్ల రెండు చేతులూ రుద్దుకుని వెచ్చజేసుకుంది. ఆయనకి వెంటనే అర్థమైంది. మరియమ్మ గారికీ అర్థమైంది, దగ్గరికి జరిగారు. రూతు "వందనాలు తాతగారూ" అని చెయ్యి కలిపి, కళ్ళు మూసుకుని పట్టుకుంది.

"ఏటమ్మా" అన్నారు యోహాను గారు మెల్లగా. "నా రిపోర్టు ఏటొచ్చింది?"

రూతు కళ్ళు తెరిచి తన వేళ్ళు చూసుకుంది. అవి ఆయన పిడికిట్లో నలిగి తెల్లబడ్డాయి.

"మొదటి నుంచీ గట్టిగానే ఉంది తాతగారూ" అంది. "నార్మల్."

ఒకప్పుడు ఆ మాట విని కుంగిపోయిన మనిషి, అదే మాట విని పెద్దగా నవ్వారు. నవ్వి, చెయ్యి వదలకుండా, "అయితే సెప్పు. అమ్మ ఎలాగుంది? నాన్న ఎలాగున్నాడు? నువ్వు ఏటి సదువుతన్నావు?" అని మొదలుపెట్టారు.